ఏఐ కళ్ళజోడుకి అప్పు చేయొద్దు, ముందు పాప ఎక్కడ ఆగుతోందో చూడండి

మీరు అడిగింది ఇదీ: పాప జడ్పీ హైస్కూల్లో 7వ తరగతి, పుట్టుకతోనే చూపు తక్కువ, కళ్ళు అటూ ఇటూ ఆడుతూ ఉంటాయి, పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదువుతుంది, బోర్డు కనబడదు. సదరం (వైకల్యం) సర్టిఫికెట్ ఉంది. ఒకాయన ఇంటికొచ్చి ఏఐ కళ్ళజోడు చూపించి 65 వేలు అన్నాడు, పెట్టుకుంటే చాలు పుస్తకం దానంతటదే చదివి వినిపిస్తుందట. వడ్డీకి తెచ్చయినా కొనాలా, గవర్నమెంటు ఏమైనా ఇస్తుందా అని.

కొనకండి. ఇప్పుడైతే అసలొద్దు. మీ పాపకి ఈ ఏడాది కావలసినవి చాలావరకు రెండు మూడు వేల లోపే అయిపోతాయి, కొన్నిటికి అదీ అక్కర్లేదు. పెద్ద వస్తువు ఎప్పుడు కొనాలో కూడా చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి, పొడుగ్గానే రాస్తున్నాను.

నేను పద్నాలుగేళ్ళుగా మండలంలో భవిత కేంద్రంలో పనిచేస్తున్నాను. ఉద్యోగం పేరు ఐఈఆర్‌పీ, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువులో తోడుండే రిసోర్సు పర్సన్; ఊళ్ళో మాత్రం "భవిత మేడం". డాక్టర్ని కాదు, కాబట్టి కంటి సంగతి డాక్టరుకే వదిలేస్తాను. నాకు తెలిసింది పిల్లలకి వస్తువులు వచ్చాక ఏమవుతుందో అది. చాలాసార్లు ఏమవుతుందంటే, బీరువాలోకి వెళ్తాయి.

ముందు ఆ కళ్ళజోడు సంగతి. అది ప్రధానంగా చూపు అసలు లేనివాళ్ళ కోసం. ఎదురుగా ఉన్న అచ్చుని కెమెరాతో తీసి గొంతుతో చదువుతుంది, ఇంకా మనిషెవరో వస్తువేదో చెప్తుంది. ఇందులో చాలా భాగం మీ జేబులో ఉన్న ఫోనే చేస్తుంది. మీ పాపకి చూపుంది. తనకి కావలసింది అక్షరం పెద్దదై కనబడటం, పక్కన ఒకరు చదివి పెట్టడం కాదు. అన్నీ చెవితోనే వినడం అలవాటైతే స్పెల్లింగు, ఒత్తులు, లెక్కల్లో అంకెల వరస, బొమ్మలు, మ్యాపులు అన్నీ చేజారతాయి. చూపు కొంచెం ఉన్నా దాన్ని వాడుకోనివ్వాలి, వినడం దానికి తోడుగా ఉండాలి.

అమ్మేవాళ్ళు డెమోలో ఇంగ్లీషు పేపరు హెడ్డింగు చదివిస్తారు, మనం అబ్బో అనుకుంటాం. ఏ పరికరమైనా సరే, డెమోకి పాప పుస్తకాలు పట్టుకెళ్ళండి. తెలుగు వాచకంలో పద్యం ఉన్న పేజీ ఒకటి, లెక్కల్లో భిన్నాలున్న పేజీ ఒకటి, సాంఘికశాస్త్రంలో మ్యాపు ఒకటి, పాప చేతిరాత నోట్సు ఒకటి. ఈ నాలుగూ దాని ముందు పెట్టి పాప చేతికే ఇవ్వండి, ఆయన్ని పట్టుకోనివ్వకండి. పైన మూడు, కింద నాలుగు ఉన్న భిన్నాన్ని "ముప్పై నాలుగు" అని చదివిన పరికరాన్ని నేను చూశాను. పద్యం అయితే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని. పాపని లో విజన్ క్లినిక్‌కి తీసుకెళ్ళారా? మామూలు కళ్ళజోడు పరీక్ష వేరు, ఇది వేరు. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, వాళ్ళ విజయవాడ, విశాఖ కేంద్రాల్లో చూపు తక్కువ ఉన్నవాళ్ళ కోసం ప్రత్యేకంగా విభాగం ఉంది, డబ్బు కట్టలేనివాళ్ళని ఉచితంగా చూస్తారు. అక్కడ ఎంత దూరంలో ఎంత సైజు అక్షరం చదవగలుగుతోందో కొలిచి, ఏ పవరు భూతద్దం సరిపోతుందో చేతికిచ్చి చూస్తారు. అక్కడ ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఈ చూపు ఇలాగే ఉంటుందా, వయసుతో తగ్గుతుందా? కళ్ళు ఆడటం ఒక్కటే అయితే సాధారణంగా పెద్దగా మారదు. కంటి వెనక పొర మెల్లగా దెబ్బతినే రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటిదైతే (మేనరికాల ఇళ్ళల్లో ఎక్కువ చూస్తుంటాం) తగ్గుతూ పోతుంది, అప్పుడు చూపున్నప్పుడే బ్రెయిలీ, కంప్యూటరు వాయిస్ మొదలుపెట్టాలి. వేళ్ళకి పదేళ్ళకి వచ్చినంత తేలిగ్గా ఇరవై ఏళ్ళకి రాదు. బ్రెయిలీ మాట ఎత్తగానే తల్లిదండ్రులు ఏడుస్తారు, నాకు తెలుసు, అందుకే ముందే చెప్తున్నా, బ్రెయిలీ నేర్పితే ఉన్న చూపు పోదు.

ఇంకో భయం కూడా తీసేస్తాను. పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదివితే కళ్ళు పాడవుతాయని ఇంట్లో లాగేస్తున్నారేమో. పాడవ్వవు. దగ్గరికి తెచ్చుకుంటే అక్షరం పెద్దదై కనబడుతుంది, పిల్లలు వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టుకున్న భూతద్దం అది. పాడయ్యేది మెడ, నడుము. దానికి పుస్తకమే పైకి లేవాలి. ఇంట్లో వ్యాసపీఠం ఉంటే అదే చాలు, లేదంటే వడ్రంగితో ఏటవాలుగా ప్లైవుడ్ పలక చేయించి కింద అంచుకి ఒక పట్టీ కొట్టించండి. మా కేంద్రంలో ఉన్నవి అలా చేయించినవే, మిగిలిపోయిన తలుపు ముక్కలతో.

తర్వాత ఒక వారం రోజులు పాప ఎక్కడ ఆగుతోందో రాయండి. "చూపు తక్కువ" అని కాదు, పనిగా రాయాలి. బోర్డు మీద రాసింది ఎక్కించుకోలేకపోతోందా? పక్కనమ్మాయి నోట్సు చూసి రాస్తే ఇంటికొచ్చాక తన రాత తనకే అర్థం కావట్లేదా? పరీక్షలో తెలిసినవే టైము చాలక వదిలేస్తోందా? మధ్యాహ్నం ఎండలో గ్రౌండుకి రానంటోందా? ఒక్కోదానికి మందు వేరు. బోర్డు కనబడని పిల్లకి చదివే కళ్ళజోడు కొంటే బోర్డు బోర్డులాగే ఉంటుంది.

బోర్డు సంగతిలో కళ్ళు ఆడే పిల్లలకి ఒక కిటుకుంది. తల ఒక పక్కకి వాల్చి, లేదా ముఖం ఒక వైపుకి తిప్పి చూస్తే కళ్ళు ఆడటం తగ్గి స్పష్టంగా కనబడే కోణం చాలామందికి ఒకటి ఉంటుంది. తెలియని టీచర్లు "తిన్నగా కూర్చో, బోర్డు వైపు చూడు" అని తల తిప్పేస్తారు. తిప్పొద్దని చెప్పండి. పాప ముఖం ఏ వైపు తిప్పుతుందో చూసి దానికి తగ్గట్టు మొదటి వరసలో అటు కాని ఇటు కాని కూర్చోబెట్టాలి, మధ్యలోనే ఉండాలనేం లేదు. కిటికీ వెలుతురు బోర్డు మీద మెరవకుండా ఒక తలుపు మూసేస్తే పైసా ఖర్చు లేకుండా సగం బోర్డు తిరిగొస్తుంది.

మిగతా చిన్నవి గబగబా చెప్తాను: లావుగా పడే నల్ల జెల్ పెన్, దాంతోనే మీరే గీతలు దిద్దిన నోటుపుస్తకం, నల్ల చార్టు ముక్కలో ఒక లైను పట్టేంత కిటికీ కోసి పుస్తకం మీద జరుపుకునే పట్టీ (లైను తప్పిపోయే పిల్లలకి ఇది బంగారం), బయటికెళ్ళేటప్పుడు పెట్టుకోవడానికి అంచున్న టోపీ, లో విజన్ క్లినిక్‌లో రాసిచ్చిన భూతద్దం. గుండ్రంగా బోర్లించిన గిన్నెలా ఉండి పేజీ మీద జరుపుకునేది దొరుకుతుంది, చిన్న పిల్లలకి చేత్తో పట్టుకునేదాని కంటే అదే తేలిక.

భూతద్దం విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక 6వ తరగతి అబ్బాయికి ఇచ్చి, సంతకం పెట్టించుకుని, ఫొటో తీసుకుని వచ్చేశాను. రెండు నెలల తర్వాత వెళ్తే "పోయింది మేడం" అన్నాడు. పోలేదు, బియ్యం డబ్బాలో దాచాడు. క్లాసులో వాడి పేరే "భూతద్దం" అయిపోయిందట. నేను వాడికి వస్తువిచ్చాను కానీ క్లాసుకి ఏమీ చెప్పలేదు. తర్వాత సైన్సు టీచరుతో మాట్లాడి పది భూతద్దాలు తెచ్చి అందరిచేతా చీమల్ని, ఆకు ఈనెల్ని చూపించాం, ఎలా పట్టుకోవాలో వాడే నేర్పాడు. ఆ పేరు పూర్తిగా పోలేదు గానీ దాచడం మానేశాడు. మీ పాపది 7వ తరగతి, ఆడపిల్ల, ఆ వయసులో అందరికంటే వేరుగా కనబడటం అంటే ప్రాణం పోయినట్టుంటుంది, ముఖానికి కెమెరా ఉన్న కళ్ళజోడు పెట్టుకుని క్లాసులో కూర్చుంటుందో లేదో ముందు తననే అడగండి. మీ ప్రశ్నలో పాప ఏమందో ఎక్కడా లేదు.

ఇక ఫోను. ఇంట్లో పాత ఆండ్రాయిడ్ ఫోను, కెమెరా బాగున్నది ఉంటే సిమ్ తీసేసి పాపకివ్వండి. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, అక్కడ మాగ్నిఫికేషన్, అక్షరాల సైజు, రంగులు తిరగేయడం, తాకిన చోట చదివి వినిపించే సెలెక్ట్ టు స్పీక్ ఉంటాయి. నల్ల మీద తెల్ల అక్షరాలు కొంతమందికి హాయిగా ఉంటాయి, కొంతమందికి తలనొప్పి, పెట్టి చూడాల్సిందే. బోర్డు ఫొటో తీసుకుని జూమ్ చేసి రాసుకోవడం ఒకటి. ఫోన్ స్టాండుకి ఫోన్ని కిందికి చూసేలా బిగించి దాని కింద పుస్తకం జరుపుకోవడం ఇంకొకటి, వేలకి వేలు పోసి కొనే వీడియో మాగ్నిఫయర్ మూల సూత్రం అదే. గూగుల్ లెన్స్ తెలుగు అచ్చుని బాగానే గుర్తుపడుతుంది, పొడుగు పాఠాలు కళ్ళు అలిసిపోయాక వినడానికి పనికొస్తుంది.

తెలుగుతో ఒక చిక్కు ఉంది, ఇంగ్లీషులో రాసిన సలహాల్లో ఇది దొరకదు. మన అక్షరాల్లో తేడా అంతా చిన్న చిన్న వాటిలో ఉంటుంది. ద, ధ, థ లకి కింద ఒక గీత, లోపల ఒక చుక్క, అంతే. ప, ఫ, ష, ఘ పక్కపక్కన పెట్టి కళ్ళు సగం మూసి చూడండి, పాపకి ఏం కనబడుతోందో తెలుస్తుంది. పైగా ఒత్తులు కింది లైను తలకట్టుల్లోకి దూరిపోతాయి. నా దగ్గర పిల్లల్లో ఇంగ్లీషు 18 పాయింటులో చదివేవాళ్ళకి తెలుగు 24 కావాల్సి వచ్చేది, లైనుకీ లైనుకీ మధ్య ఖాళీ కూడా పెంచాలి. అందుకని పెద్ద అక్షరాలు అంటే జిరాక్సులో పెద్దది చేయడం ఒక్కటే కాదు, కంప్యూటర్లో మళ్ళీ టైపు చేసి ఖాళీలు ఇచ్చి ప్రింటు తీయాలి. ఇంగ్లీషు సులువుగా చదివి తెలుగు డిక్టేషన్లో తప్పులు చేస్తుంటే పిల్ల మొద్దు కాదు, ఒత్తులు కనబడట్లేదు.

ఇంకో చిక్కు, పీడీఎఫ్‌లు. అను ఫాంట్లలో డీటీపీ చేసిన తెలుగు పీడీఎఫ్‌ని చదివించబోతే ఫోను అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు చదువుతుంది, అది యూనికోడ్ (అన్ని ఫోన్లకీ అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి. ఫోను పాడైందనుకుని షాపుకి తీసుకెళ్ళిన వాళ్ళున్నారు. అలాంటప్పుడు ఆ పేజీని బొమ్మలా తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారుతుంది, అక్కడక్కడా తప్పులుంటాయి, దిద్దుకోవాలి. పుస్తకాన్ని ఇలా మార్చుకోవడం నేరమేమో అని ఒక హెచ్‌ఎం గారు భయపడ్డారు. నేరం కాదు, కాపీరైటు చట్టంలో 2012 సవరణ వికలాంగులు చదువుకోగలిగే రూపంలోకి మార్చుకోవడాన్ని అనుమతించింది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ కూడా అచ్చు చదవలేని వాళ్ళ కోసమే.

"బడికి ఫోను తేకూడదు" అంటారు. అంటారని తెలిసే ముందే వెళ్ళండి. హెచ్‌ఎం గారికి ఒక అర్జీ రాసి, డాక్టరు కాగితం, సదరం జిరాక్సు జతచేసి, సిమ్ లేని ఫోను, బోర్డు చూడటానికి మాత్రమే, పాఠాల టైములో టీచరు ఎదురుగానే వాడుతుంది అని రాయండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 17వ సెక్షను చూపించండి: 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 18 ఏళ్ళు వచ్చేదాకా పుస్తకాలు, తగిన ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలని అందులో ఉంది. కానీ మొదటి రోజే చట్టం బయటికి తీయకండి, మర్యాదగా అడిగితే పది మందిలో ఎనిమిది మంది హెచ్‌ఎంలు ఒప్పుకుంటారు, అది నా అనుభవం. చట్టం మిగతా ఇద్దరికి.

గవర్నమెంటు ఏమిస్తుంది? రెండు దారులు. ఒకటి సమగ్ర శిక్ష అనే బడి చదువుల పథకం, అంటే మేము. మండలంలో భవిత కేంద్రానికి వెళ్ళి పాప పేరు నమోదైందో లేదో చూసుకోండి, బడి పిల్లల వివరాలుండే యూడైస్‌లో వైకల్యం రకం తప్పు పడితే ఏ క్యాంపు లిస్టులోనూ పేరు రాదు. ఈ ఒక్క ముక్క కోసమైనా వెళ్ళండి. నిర్ధారణ క్యాంపులు పెట్టి, ఉపకరణాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ, కాన్పూరులోని అలిమ్‌కో వాళ్ళు వచ్చి కొలతలు తీసుకుని, నెలల తర్వాత పంపిణీ చేస్తారు. అమ్మాయిలకి నెలకి 200 చొప్పున స్టైపెండు కూడా ఉంటుంది, అడగండి. రెండోది వికలాంగులకి ఉపకరణాలిచ్చే కేంద్రం వాళ్ళ ఏడిప్ పథకం: ఇంటి ఆదాయం నెలకి 22,500 లోపైతే ఉపకరణం పూర్తి ఉచితం, 30,000 దాకా సగం. అదే వస్తువు మళ్ళీ కావాలంటే మూడేళ్ళు ఆగాలి, 12 ఏళ్ళ లోపు పిల్లలకైతే ఏడాదే. రెంటికీ యూడీఐడీ (దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు) కార్డు పనికొస్తుంది, సదరం ఉంది కదా అని ఊరుకోకుండా అది కూడా తీసుకోండి.

క్యాంపుల గురించి నిజం చెప్పాలంటే, వస్తువు రావడం సగం పనే. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్ళు అదుపులో ఉండని స్థితి) ఉన్న ఒక బాబుకి వీల్‌చైర్ వచ్చింది, పెద్దవాళ్ళ సైజుది, వాడు అందులో ఒక పక్కకి జారిపోయేవాడు. వాళ్ళ అమ్మ దాని మీద బట్టలు ఆరేసేది, తప్పు ఆమెది కాదు. చివరికి మా వడ్రంగి గోడ మూలకి ఆనేలా ఒక చెక్క కుర్చీ, ముందు బల్ల చేసిచ్చాడు, పెన్సిలుకి సైకిల్ ట్యూబు చుట్టాం, వాడు మొదటిసారి గీత గీసింది ఆ కుర్చీలోనే. ఇంకో ఇంట్లో బాబు వినికిడి మిషన్ పోగొడతాడేమోనని నానమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది, పెళ్ళిళ్ళకి మాత్రం తీసి పెట్టేది (చెవి మిషన్ అండీ, నగ కాదు). ఆ బాబుకి చెవిలో పెట్టే అచ్చు వదులై కూ అని కూసేది, టీచరు తీసేయమనేవారు. పిల్లలు పెరిగితే చెవి పెరుగుతుంది, అచ్చు మళ్ళీ తీయించాలి, బ్యాటరీలు వారం పది రోజులకే అయిపోతాయి, ఇవి చెప్పేవాళ్ళు లేక ఎన్ని మిషన్లు మూలపడ్డాయో. కాబట్టి ఏది తీసుకున్నా, ఉచితమైనా సరే, పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఎవరు నేర్పుతారు, బడిలో ఎవరు చార్జింగ్ పెట్టనిస్తారు అని అక్కడే అడిగి రాయించుకోండి. ఆ 65 వేల ఆయన్ని కూడా అడగండి, సర్వీసు సెంటరు ఎక్కడ అని.

పెద్ద ఖర్చు ఎప్పుడంటే, నా లెక్కలో 9వ తరగతి చివర. అప్పటికి చదవాల్సింది బాగా పెరుగుతుంది, కళ్ళు సాయంత్రానికి అలిసిపోతాయి. అప్పుడు ఒక మామూలు లాప్‌టాప్. విండోస్‌లోనే మాగ్నిఫయర్ ఉంది, విండోస్ బటనుతో ప్లస్ నొక్కితే వస్తుంది. తెర మీదున్నది చదివి వినిపించడానికి సాఫ్ట్‌వేరు ఎన్‌వీడీఏ, పూర్తిగా ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్, జేమ్స్ టే అని చూపు లేని ఇద్దరు కుర్రాళ్ళు మొదలుపెట్టింది, తెలుగు కూడా చదువుతుంది. గొంతు మొదట్లో రోబోలా ఉంటుంది, నెలకి అలవాటవుతుంది. కానీ లాప్‌టాప్ వచ్చాక నేర్చుకుందాంలే అనుకోకండి, కీబోర్డు చూడకుండా టైపు చేయడం ఈ వేసవిలోనే మొదలుపెట్టించండి, బడి కంప్యూటరు మీదైనా సరే. మా దగ్గర చదివిన ఒకమ్మాయి, చూపు అసలు లేదు, డిగ్రీలో తన నోట్సు తనే టైపు చేసుకుంటోంది, ఆ అమ్మాయికి కీబోర్డు నేర్పింది ఒక పాడైన కంప్యూటరు మీద, తెర పనిచేయదు, ఎలాగూ తనకి తెర అక్కర్లేదు కదా.

పదో తరగతి పరీక్షల్లో అదనపు టైము, పెద్ద అక్షరాల పేపరు, కావాలంటే రాసిపెట్టే మనిషి, వీటి కాగితాలు ముందే పెట్టాలి, ఆ సంగతి 9లోకి వచ్చాక అడగండి. పాప తనంతట తను రాయగలిగితే మాత్రం స్క్రైబు వద్దు, అదనపు టైము చాలు.

ఆయనకి అడ్వాన్సు ఏమైనా ఇచ్చేశారా? ఇవ్వకపోతే ఇవ్వకండి. ఈ వారం పాప టీవీ చూసేటప్పుడు ముఖం కుడికి తిప్పుతుందో ఎడమకి తిప్పుతుందో, ఎన్ని అడుగుల దూరంలో కూర్చుంటుందో చూసి ఇక్కడే కింద రాయండి, క్లాసులో ఎటు కూర్చోబెట్టాలో చెప్తాను. మండలం పేరు ఇక్కడ పెట్టొద్దు, నాకు విడిగా మెసేజ్ చేయండి, అక్కడి భవిత కేంద్రంలో ఎవరున్నారో కనుక్కుంటాను.